సమాధానం: మద్రాసు శాసనసభ సభ్యత్వం 1937–46 వరకూ ఎలా ఉంటుంది?

మద్రాసు శాసనసభ సభ్యులైన మీ తాతగారి పేరు పక్కన ‘1937–46’ అని ఉంది, అది అచ్చుతప్పా అని అడిగారు. కాదండి. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం సభకు అయిదేళ్లే గడువు. కానీ రెండో ప్రపంచ యుద్ధం కారణంగా ఎన్నికలను వాయిదా వేయడానికి బ్రిటిష్ పార్లమెంటు 1941లో చట్టం చేసింది. తర్వాతి ఎన్నికలు 1946లోనే జరిగాయి.

అయితే ఆ తొమ్మిదేళ్లూ సభ నడిచిందని దయచేసి రాయకండి. ప్రజాప్రతినిధులను అడగకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించినందుకు నిరసనగా 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆపై 1935 చట్టంలోని 93వ సెక్షన్ కింద పాలన గవర్నరు చేతికి వెళ్లింది. సభ్యత్వం మిగిలింది, సమావేశాలు లేవు. మన బులుసు సాంబమూర్తిగారు ఆ మూగబోయిన సభకే స్పీకరుగా ఉండి, 1942లో ఆ పదవి వదిలేశారు. ఆయన త్యాగాన్ని మనం తగినంతగా తలచుకోవడం లేదని నా బాధ.

కాబట్టి ‘ఎన్నిక 1937, సభ పనిచేసినది 1939 వరకు’ అని రాయండి. తాతగారు మధ్యలో రాజీనామా చేశారేమో తెలియాలంటే చెన్నైలోని రాష్ట్ర అభిలేఖాగారంలో (ఆర్కైవ్స్) ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్ (నాటి మద్రాసు ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రిక) సంపుటాలు అడగండి. ఉప ఎన్నికల ప్రకటనల్లో ఖాళీ ఎందుకు వచ్చిందో చూడండి.