పసిబిడ్డను పోగొట్టుకున్న దంపతులకు ఎలా తోడుగా నిలవాలి?

పుట్టిన వారానికే బిడ్డను పోగొట్టుకున్న బంధువులతో ఏం మాట్లాడాలని అడిగారు. ముందు ఏం అనకూడదో చెబుతాను. ‘ఇంకా వయసుంది, మళ్లీ పుడతారు’ అనకండి. పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోనే బిడ్డను తలచుకోండి. గుర్తుచేస్తే బాధపడతారని జంకుతాం గానీ, వాళ్లు మరిచిపోయిందెప్పుడు?

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. తాగే బిడ్డ లేకపోయినా, కాన్పయిన రెండు నాలుగు రోజుల్లో తల్లికి పాలు పడతాయి. రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. చల్లటి తడిగుడ్డ వేస్తే కాస్త ఉపశమనం. భరించలేకపోతే నొప్పి తగ్గేంత వరకే పాలు పిండాలి. పూర్తిగా తీసేస్తే ఇంకా ఊరతాయి. జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి. ఆమె బాలింతే, ఆ సంగతి ఇంట్లోవాళ్లే మరిచిపోతుంటారు.

తండ్రికి ‘ఆమెను జాగ్రత్తగా చూసుకో’ అని చెప్పి వచ్చేస్తాం. అతన్నీ ఎలా ఉన్నావని అడగండి.

ఉయ్యాల, చిన్న చొక్కాలు వాళ్లను అడగకుండా తీసేయకండి. బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులే నడుపుకునే బృందాలుంటాయి, వివరాలు కనుక్కుని ఇవ్వండి. వెళ్లాలా వద్దా అన్నది వాళ్లిష్టం. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.