కడుపు నిండాకే హక్కులు గుర్తొస్తాయా? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: సార్ నమస్తే. మాది గాజువాక, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. మా నాన్న చోడవరం దగ్గర పల్లెలో ఊరి పెద్ద ఏ గుర్తు చెప్తే దానికే గుద్దేవాడు. నేను యూనియన్ జెండా పట్టుకున్నాను, నాకు జీతం, బోనస్, ప్లాంట్ మిగలడం ఇవే రాజకీయం. మా అమ్మాయి మధురవాడలో సాఫ్ట్‌వేరు. ప్లాంట్ అమ్మేస్తారంటే అయ్యో అంటాది గానీ దానికి అసలు కోపం ఎక్కడొస్తాదంటే రుషికొండ తవ్వితే, ఫేస్‌బుక్ పోస్టుకి ఎవరి మీదో కేసు పెడితే. దేశం ఎదిగేకొద్దీ జనం ఇలాగే మారిపోతారా, లేకపోతే మా అమ్మాయికి కష్టం తెలీక ఇలా మాట్లాడుతోందేటండి?

జవాబు: మీ రెండో అనుమానంలోనే సగం జవాబు ఉందండి, కాకపోతే మీరు దాన్ని తిట్టులా వాడేశారు. ఆ కష్టం తెలీకపోవడం అనేదాన్నే పట్టుకుని ఒకాయన జీవితమంతా లెక్కలు తీశాడు, రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ అని అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్. 1970లో పశ్చిమ యూరప్‌లో ఆరు దేశాల్లో చేసిన సర్వేల మీద 1971లో వ్యాసం రాశాడు. అడిగింది చాలా సింపుల్: శాంతిభద్రతలు, ధరల అదుపు, ప్రభుత్వ నిర్ణయాల్లో జనం మాట చెల్లడం, మాట్లాడే స్వేచ్ఛ, ఈ నాలుగిట్లో మీకు ముఖ్యమైనవి రెండు చెప్పండి అని. యుద్ధం, ఆకలి చూసిన పెద్దాళ్ళలో ఎక్కువమంది మొదటి రెండూ అన్నారు, 1945 తర్వాత పుట్టి తిండికీ ఉద్యోగానికీ లోటు లేకుండా పెరిగిన కుర్రాళ్ళలో చివరి రెండూ అన్నవాళ్ళ వాటా బాగా పెరిగింది.

కుర్రతనం కదా, పెళ్ళయి పిల్లలు పుడితే దారికొస్తార్లే అనుకోవచ్చు. రాలేదు. దశాబ్దాల పాటు అవే తరాలవాళ్ళని మళ్ళీ మళ్ళీ అడుగుతూ పోయారు, ధరలు మండిన ఏడాది అన్ని తరాలూ కాస్త ధరల వైపు జరిగేవి, మంట తగ్గాక ఎవరి చోటికి వాళ్ళు వచ్చేసేవాళ్ళు, ముసలితనం వచ్చినా ఆ తేడా అలాగే ఉండిపోయింది. పెరిగే వయసులో ఏది ఢోకా లేకుండా దొరికిందో దాని గురించి మనిషి పెద్దగా బెంగపడడు, దేనికి అల్లాడాడో దాన్నే జీవితాంతం పట్టుకుంటాడు, ఆయన చెప్పింది టూకీగా ఇదే.

ఇప్పుడు మీ ఇంట్లోకి రండి. మీ అమ్మాయి క్వార్టర్స్‌లో పెరిగుంటే ఉక్కునగరంలో స్కూలు, ఆస్పత్రి, టైముకి నీళ్ళు, రోడ్డుకి రెండు పక్కలా చెట్లు, ఒకటో తారీకు జీతం, ఇవన్నీ దానికి గాలీ వెలుతురూ లాంటివి. అవి తెచ్చింది మీ జీతమే కదండీ. కొండ గురించి కోపం తెచ్చుకునే తీరిక మీరిచ్చిందే, మీరేమో దానికే విసుక్కుంటున్నారు.

ఇక్కడిదాకా ఇంగిల్‌హార్ట్‌తో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ముందు కడుపు ఆ తర్వాత హక్కు అనే మెట్ల వరస మన జిల్లాలో సరిగ్గా కుదరదు. 1966 చూడండి, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్నారు. అడిగింది ఫ్యాక్టరీ, అంటే ఉద్యోగాలు, అంటే కడుపే. కానీ అడిగిన తీరు అర్జీ పెట్టుకుని చేతులు కట్టుకున్నట్టు లేదు, అమృతరావు గారు నిరాహారదీక్ష చేశారు, కాల్పుల్లో జనం పోయారు, ఢిల్లీ దిగొచ్చి 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించాల్సొచ్చింది. యూరప్ సర్వేలో వేరే వేరే గళ్ళలో పడేవి ఇక్కడ ఒకే నినాదంలో ఉన్నాయి. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక కూర్మన్నపాలెంలో శిబిరం వేసి కూర్చున్నవాళ్ళదీ అదే భాష.

పర్యావరణం కడుపు నిండినోళ్ళ సరదా అనేవాళ్ళకి నేను మన మన్యం చూపిస్తాను. బొర్రా చుట్టుపక్కల గిరిజనుల భూముల్లో ప్రైవేటు మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1997లో తీర్పొచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన చోట్ల, ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజులు ఇవ్వడం కుదరదని. దేశం మొత్తానికి పనికొచ్చిన తీర్పు అది, పుట్టింది మాత్రం రాష్ట్రంలోనే బాగా పేదవాళ్ళున్న చోట. 2015లో చింతపల్లి వైపు బాక్సైట్ తవ్వకాలకి జీవో వచ్చినప్పుడు కూడా కొండల మీద ఊళ్ళే లేచాయి, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లు కాదు. వాళ్ళకి కొండంటే వ్యూ కాదు కదా, కాఫీ, పసుపు, ఊట నీళ్ళు, దేవుడు అన్నీ అదే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకై నిద్రలో ఉన్నవాళ్ళు రోడ్డు మీద పడిపోయాక, మంచి గాలి అడగడం విలాసమని ఈ ఊళ్ళో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కాబట్టి మీ అమ్మాయి మారింది నిజం, అయితే ఆవిడ పట్టించుకునేవి మీకు పరాయివి కావు. మీ నాన్నగారికీ మీకూ మధ్య వచ్చిన మార్పే నా లెక్కలో ఇంకా పెద్దది: ఊరి పెద్ద చెప్పిన గుర్తు నుంచి సొంతంగా పట్టుకున్న జెండాకి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి రాస్తున్నానండి. చదువూ డబ్బూ పెరిగితే ప్రజాస్వామ్యం బలపడుతుందని డిగ్రీలో చదువుకున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో అందరూ చదువుకున్నవాళ్ళే, పోలింగ్ రోజు అరకు ట్రిప్ వేస్తారు, తిరిగొచ్చి "ఈ ఎలక్షన్లు దండగ, ఒక స్ట్రిక్ట్ లీడర్ ఉంటే చాలు" అంటారు. మా పనమ్మాయి మాత్రం రెండు బస్సులు మారి వెళ్ళి మరీ ఓటేసొచ్చింది. ఇదేంటండీ మరి?

జవాబు: మీరు చదువుకున్నది సేమర్ లిప్సెట్ అనే అమెరికా పండితుడు 1959లో చెప్పిన మాట అయ్యుంటుంది. దేశానికి డబ్బూ చదువూ పట్టణాలూ పెరిగితే ప్రజాస్వామ్యం నిలబడే అవకాశం ఎక్కువ అన్నాడు. 1997లో ప్జెవోర్‌స్కీ, లిమోంగీ అని ఇద్దరు రాజకీయ శాస్త్రవేత్తలు చాలా దేశాల చరిత్ర తిరగేసి, డబ్బు ప్రజాస్వామ్యాన్ని పుట్టించదు, పుట్టినదాన్ని కూలిపోకుండా కాస్తుంది అంతే అని తేల్చారు. మనమైతే రెండిటికీ లొంగం, చదువు రానివాళ్ళే ఎక్కువున్న రోజుల్లో 1951-52లో 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటిచ్చేసి మొదలెట్టాం.

మీ పనమ్మాయి సంగతి వింత కాదు, మన దేశంలో చాలాకాలంగా ఉన్నోళ్ళ కంటే లేనోళ్ళే ఓటుకి గట్టిగా కదులుతున్నారని ఎన్నికల సర్వేలు చేసేవాళ్ళు చెప్తూనే ఉన్నారు. 2024లో రాష్ట్రం మొత్తం మీద 80 శాతం దాటి ఓట్లు పడితే మన సిటీ సీట్లు దానికి బాగా వెనకబడ్డాయి. ఎందుకంటే మీ అపార్ట్‌మెంట్‌కి బోరు ఉంది, వాటర్ క్యాన్ ఉంది, జనరేటర్ ఉంది, పిల్లలకి ప్రైవేటు స్కూలుంది, ప్రభుత్వం లేకుండానే రోజు గడిచిపోద్ది. ఆవిడకి రేషన్, పెన్షన్, కుళాయి, ఇంటిపట్టా అన్నీ ఆ బటన్ దగ్గరే ఉన్నాయి.

ఇక స్ట్రిక్ట్ లీడర్ మాట. 2017లో ప్యూ అనే అమెరికా సంస్థ చేసిన సర్వేలో పార్లమెంటూ కోర్టులూ అడ్డుపడని బలమైన నాయకుడు మంచిదే అన్న భారతీయులు 55 శాతం, సైనిక పాలన పర్లేదన్నవాళ్ళు 53 శాతం. అంటే ఓటంటే ఇష్టం, ఓటేసినోణ్ణి ఆపే వ్యవస్థలంటే విసుగు, రెండూ ఒకే బుర్రలో హాయిగా కాపురం చేస్తాయి. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఆ మాటంటే 1975-77 ఎమర్జెన్సీలో ఏం జరిగిందో ఇంట్లో తాతగారిని అడగమనండి, ఒక్కరైనా అడుగుతారేమో.

ప్రశ్న: ఆధునికత వస్తే కులం పోతుందన్నారు కదా, మా అనకాపల్లిలో ఎక్కడా పోలేదే?

జవాబు: పోలేదు, ఉద్యోగం మార్చుకుంది. 1970 నాటికే రాజకీయ శాస్త్రవేత్త రజనీ కొఠారీ ఈ సంగతి పట్టుకున్నారు, రాజకీయం కులంలో ఇరుక్కోవడం కంటే కులమే రాజకీయంలోకి దిగి రూపం మార్చుకుంటోందని. హాస్టళ్ళు, కల్యాణ మండపాలు, కార్తీక వనభోజనాలు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు. పక్కపక్కన కూర్చుని తినడం మామూలైంది, పెళ్ళి సంబంధం దగ్గరా ఎన్నికల టికెట్ దగ్గరా లెక్క మొదలవుతుంది. అయితే ఒకటి, ఇదే కులం లెక్క వల్ల, ఒకప్పుడు ఎవరిని పంచాయతీ గడప ఎక్కనివ్వలేదో వాళ్ళే ఇవాళ అదే ఆఫీసులో సర్పంచ్ కుర్చీలో ఉన్నారు, అందుకని దీన్ని వట్టి వెనకబాటు అనెయ్యడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: ఈ మార్పు వెనక్కి కూడా పోతుందా సార్? (పెందుర్తి)

జవాబు: పోతుంది. పైన చెప్పిన ఇంగిల్‌హార్టే చివరి రోజుల్లో పిప్పా నోరిస్ అనే రాజకీయ శాస్త్రవేత్తతో కలిసి ఈ ప్రశ్న మీదే పని చేశాడు, 2016లో బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బయటికెళ్ళాలని బ్రిటన్ వేసిన ఓటు), ట్రంప్ గెలుపు చూశాక. కుర్రాళ్ళ విలువలు సమాజమంతా పరుచుకుంటుంటే, మా ఊరు మాకే కొత్తగా ఉందేంటి అనిపించిన పెద్దవాళ్ళు ఎదురు తిరిగారన్నది వాళ్ళ వాదన. దానికి ఉద్యోగాలకి భరోసా లేకపోవడం తోడైతే ఇంకా గట్టిగా తిరుగుతారు. మన దగ్గర ఇంకో మెలిక ఉంది, ఒక్కోసారి వెనక్కి చూసేది తాతలు కాదు, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళే.