గంజాయి అమ్ముతున్నారని చెబితే మన పేరు కోర్టులో బయటికొస్తుందా?

రాదు. బస్తీలో గంజాయి అమ్ముతున్నారని ఎవరు చెప్పారో బయటపెట్టమని అధికారిని బలవంతపెట్టడానికి వీల్లేదని మాదకద్రవ్యాల నిరోధానికి తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం (1985) 68వ సెక్షన్ చెబుతోంది.

అసలు కేసు మీ మాట మీద నిలబడదు. ఇల్లో షెడ్డో సోదా చేయాలంటే అధికారి అందిన సమాచారాన్ని రాసుకుని, 72 గంటల్లోగా పైఅధికారికి పంపాలి. దొరికిన సరుకు, పంచనామా, ల్యాబ్ రిపోర్టు, ఇవే సాక్ష్యం.

హైదరాబాద్‌లో చెప్పాల్సింది 1908కి; ఇది డ్రగ్స్‌ను అరికట్టే తెలంగాణ పోలీసుల ఈగల్ విభాగం టోల్‌ఫ్రీ నంబరు. కేంద్రానిది 1933. 'మా ఏరియాలో గంజాయి ఎక్కువైంది' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. 'కమ్యూనిటీ హాల్ వెనక సందు, రాత్రి తొమ్మిది దాటాక, స్కూటర్ సీటు కింద చిన్న పొట్లాలు, బండి నంబరు ఇది' అంటే పని జరుగుతుంది.

ఫోన్ చేస్తే కోర్టు చుట్టూ తిరగాలన్నది అపోహ. తిరిగేది పంచనామా మీద సాక్షిగా సంతకం పెట్టినవాళ్లు. ఈ భయంతోనే కొన్ని కాలనీల్లో కుర్రాళ్లు తామే పట్టుకోబోతారు, అది ఇంకా ప్రమాదం. లాక్కున్న పొట్లం మీ చేతిలో ఉంటే చిక్కు మీకే. వీడియో వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా అడ్డా మారిపోతుంది.

తాగే పిల్లల సంగతి వేరు. కొద్ది పరిమాణంతో పట్టుబడ్డా, తమంతట తాము ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే అదే చట్టం 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. మధ్యలో మానేస్తే అది రద్దు కావచ్చు.