మూడో పట్టీ పడిన అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడికి హవల్దారు పట్టీ పడిందంట" అని చెబుతూనే ఏడ్చేసింది. మన మాధవరానికి ఇలాంటి కబురు కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఈ ఊరు పటాలానికి మనుషుల్ని పంపుతూనే ఉంది. అయినా మన ఇంటి పిల్లాడి భుజం మీద మూడో పట్టీ అంటే నాకూ కళ్లు చెమర్చాయి. నిన్ను ప్లటూన్ హవల్దారుగా వేశారని కూడా తను చెప్పింది. అది వినే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే మాట సగంలో తెగిపోతుంది. ఇది మాత్రం నువ్వు పూర్తిగా వినాలి.

నాయక్‌గా నీ చేతిలో ఉన్నది ఒక్క సెక్షన్. పది మంది. వాళ్లతోనే తిన్నావు, వాళ్ల బంకర్లోనే పడుకున్నావు. ఎవడి బూటు అరిగిందో, ఎవడు అన్నం సగంలో వదిలేసి లేచాడో అడక్కుండానే నీ కంట పడేది. ఆ పది మందిని దగ్గరుండి నడిపించడమే నాయక్ పని, అది చిన్న పనేమీ కాదు. 1948 ఫిబ్రవరి 6న జమ్మూలోని నౌషేరా దగ్గర తైన్ ధార్‌లో పికెట్, అంటే ముందు వరస కాపలా పోస్టు, కాసిన జదునాథ్ సింగ్ నాయకే. ఆయన దగ్గర ఉన్నది తొమ్మిది మంది. శత్రువు అల మీద అలగా వచ్చి పడుతుంటే ఆ కొద్దిమందినే మళ్లీ మళ్లీ సర్ది నిలబెట్టాడు. చివరికి అందరూ పడిపోతే స్టెన్ గన్ పట్టుకుని ఒక్కడే బయటికి ఉరికాడు. ప్రాణం పోయాక పరమ వీర చక్ర ఇచ్చారు. పక్కనే ఉండి, ముందు తాను చేసి చూపించేవాడు నాయక్. లాన్స్ నాయక్ ఆ పనికి మొదటి మెట్టు.

ప్లటూన్ అంటే అలాంటి సెక్షన్లు మూడు. ఇప్పుడు ఆ మూడూ నీ కింద ఉన్నాయి. ఆ ముగ్గురు సెక్షన్ కమాండర్ల పని నువ్వు చేయకూడదు. దీన్ని నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను.

నేను కొత్తగా ప్లటూన్ హవల్దారు అయ్యేసరికి మా ప్లటూన్ మంచులో ఒక పోస్టు మీద ఉంది. రోజూ సాయంత్రం సెక్షన్ కమాండరు తన కుర్రాళ్ల బూట్లు, సాక్సులు విప్పించి కాళ్లు చూడాలి. వేళ్లు తెల్లబడ్డాయా, తిమ్మిరెక్కాయా, తడి సాక్సులతోనే ఎవడైనా పడుకుంటున్నాడా అని. నాకు ఉత్సాహం ఎక్కువ. మూడు సెక్షన్లూ నేనే తిరిగి, అందరి కాళ్లూ నేనే చూసేవాణ్ణి. ఒకసారి ఒక నాయక్ ఏదో మర్చిపోతే అతని కుర్రాళ్ల ముందే కసిరాను. ఆ రోజు నుంచి అతను, "హవల్దారు చూసుకుంటాడులే" అని ఊరుకున్నాడు. వారం తిరక్కుండా నన్ను ఏదో పని మీద కింది క్యాంపుకి పిలిచారు, రెండు రాత్రులు అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి ఆ సెక్షన్లో ఒక కుర్రాడి కాలి వేళ్లు నల్లబడి ఉన్నాయి. రెండు వేళ్లు తీసేశారు. ఆ నాయక్‌ని ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేకపోయాను. అతని పని లాక్కున్నది నేనే కదా. ఆ కుర్రాడి ముఖం ఇప్పటికీ నాకు గుర్తే.

కాబట్టి అల్లుడూ, కాళ్లు చూడాల్సింది నాయక్. అతను చూశాడా లేదా అన్నది నువ్వు చూడాలి. ప్రతి సెక్షన్లో ఇద్దరిని, ఎప్పుడు ఎవరినన్నది ముందే తెలియకుండా ఆపి చూడు. తప్పు కనబడితే నాయక్‌ని పక్కకు తీసుకెళ్లి మాట్లాడు. కుర్రాళ్ల ముందు అతని మాట పడిపోతే మళ్లీ లేపడం నీ వల్ల కాదు.

ఇక ప్లటూన్ కమాండర్ సాబ్‌తో నీ వ్యవహారం. సుబేదారైనా, నాయబ్ సుబేదారైనా, ఎటు వెళ్లాలి, ఎలా కొట్టాలి అన్నది ఆయన ఆలోచిస్తాడు. ఆ ఆలోచన కింద నేల గట్టిగా ఉండేలా చూసేది నువ్వు. తూటాలు ఎన్ని మిగిలాయి, నీళ్లు ఎవరి దగ్గర ఉన్నాయి, రాత్రి సంత్రీ డ్యూటీ ఒకడికే రెండుసార్లు పడిందా, గాయపడినవాణ్ణి ఏ దారిన దించాలి, ఇవన్నీ ఆయన అడగకముందే నీ దగ్గర ఉండాలి. ఆయన పడిపోతే ఆ క్షణం నుంచి ప్లటూన్ నీది. అందుకే ఆయన ఆర్డర్లిచ్చేటప్పుడు నీకు సంబంధం లేదనిపించిన ముక్క కూడా విను. ఆయన చెప్పింది తప్పనిపిస్తే ఆయన ఒక్కడే ఉన్నప్పుడు చెప్పు, కచ్చితంగా చెప్పు. బయటికొచ్చాక మాత్రం ఆ ఆర్డరు నీదే అన్నట్టు కుర్రాళ్లకు చెప్పాలి. "సాబ్ చెప్పాడు, నేనేం చేస్తాను" అన్న మాట హవల్దారు నోట రాకూడదు.

ఇంకోటి. మద్రాస్ రెజిమెంట్లో నీ పక్కన తమిళం వాళ్లు, మలయాళం వాళ్లు, కన్నడం వాళ్లు ఉంటారు. మన తెలుగు కుర్రాళ్లు సెలవు కోసమో, ఇంటి గొడవ చెప్పుకోవడానికో ముందు నీ దగ్గరికే పరిగెత్తుకొస్తారు. నాయక్‌గా ఉన్నప్పుడు అది ముచ్చటగానే ఉంటుంది. హవల్దారు అయ్యాక సెలవు చార్టులో ఒక్క తెలుగు పేరు ముందుకి జరిగినా మిగతా ప్లటూన్ అంతా గమనిస్తుంది. నువ్వు ఒక్కొక్కడితో వాడి భాషలో నాలుగు ముక్కలైనా మాట్లాడడం నేర్చుకో. "వీర మద్రాసి, అడి కొల్లు" (వీర మద్రాసీ, కొట్టు, చంపు) అన్న మన రెజిమెంటు యుద్ధ నినాదాన్ని అందరూ ఒక్క గొంతుతో అరవాలంటే మామూలు రోజుల్లో అందరినీ సమంగా చూడాలి.

రేపు నిన్ను సీహెచ్ఎంగానో, సీక్యూఎంహెచ్‌గానో వేయవచ్చు. ర్యాంకు హవల్దారే, పని మాత్రం వేరు. సీహెచ్ఎం, అంటే కంపెనీ హవల్దార్ మేజర్, చూసుకునేది మొత్తం కంపెనీ క్రమశిక్షణ, రోల్ కాల్, డ్యూటీల పంపకం. వంద మందికి పైగా ఉన్న చోట ఎవడెక్కడున్నాడని కంపెనీ కమాండర్ అడిగితే కాగితం చూడకుండా చెప్పగలగాలి. సీక్యూఎంహెచ్, అంటే కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్, చూసుకునేది రేషను, బట్టలు, సామాను. కుర్రాళ్లు దాన్ని బియ్యం తూచే ఉద్యోగం అనుకుంటారు. అలా అన్నవాడికి అబ్దుల్ హమీద్ గురించి చెప్పు. 4 గ్రెనేడియర్స్ పటాలంలో ఆయన సీక్యూఎంహెచ్. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్ కరణ్ సెక్టారులో జీపు మీద ట్యాంకుల్ని కొట్టే రీకాయిలెస్ గన్ పెట్టుకుని పాకిస్తాన్ వాళ్ల ప్యాటన్ ట్యాంకుల్ని ఒక్కొక్కటిగా పేల్చి, ఆ గన్ దగ్గరే ప్రాణం వదిలాడు. ఆయుధం మర్చిపోయిన స్టోరు మనిషిగా నువ్వు ఎప్పుడూ మిగలకు.

ఆ పై మెట్టు జేసీవో, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్. పట్టీలు పోయి భుజం మీదకు నక్షత్రం వస్తుంది. అందులో మొదటిది నాయబ్ సుబేదార్, దాన్ని 1965 వరకు జమాదార్ అనేవారు. ఆఫీసర్లు కూడా "సాబ్" అనే పిలుస్తారు. సుబేదార్ మేజర్ యూనిట్‌కి ఒక్కడే. కుర్రాళ్ల మనసులో ఏముందో సీవోకి, అంటే కమాండింగ్ ఆఫీసర్‌కి, చెప్పే గొంతు ఆయనది. దానికి ఇంకా టైముంది, తొందరపడకు.

అమెరికా సైన్యంతో మనవాళ్లు కలిసి చేసే యుద్ధ అభ్యాస్ విన్యాసాలకి మీ పటాలం వెళ్తుందని, అమెరికా వాళ్ల సార్జెంట్ మన హవల్దారుతో సమానమేనా అని పోయినసారి అడిగావు. వాళ్లకు సార్జెంట్లలోనే చాలా మెట్లున్నాయి. నలుగురి టీమ్‌ని సార్జెంట్, తొమ్మిది మంది స్క్వాడ్‌ని స్టాఫ్ సార్జెంట్ నడుపుతారు. నీ పని చేసేవాడిని అక్కడ ప్లటూన్ సార్జెంట్ అంటారు. ర్యాంకు సార్జెంట్ ఫస్ట్ క్లాస్. ఆయన పైన ఉండేది కుర్ర లెఫ్టినెంట్. నీ పైన ఉండేది మాత్రం జవాను నుంచి ఎదిగొచ్చిన జేసీవో. వాళ్లు తమ లెఫ్టినెంట్‌తో ఎలా మాట్లాడతారో దగ్గరుండి చూడు, మనకు పనికొచ్చేది కనబడుతుంది.

నువ్వు వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు నీ ముగ్గురు సెక్షన్ కమాండర్ల గురించి చెప్పాలి. ఎవరిది ఏ ఊరు, పిల్లలెంతమంది, ఎవరికి ఏ పని బాగా వచ్చు, దేనికి జంకుతారు అని అడుగుతాను. ఇప్పుడు తెలియకపోతే ఇంకా నాలుగు రోజులుంది, కూర్చుని కనుక్కో.

మీ అత్త ఆవకాయ జాడీ కట్టి ఉంచింది. సెలవుపై వచ్చిపోతున్న మన ఊరి కుర్రాడి చేత పంపిస్తాం. ప్లటూన్ మొత్తానికి సరిపోతుంది.

నీ
మావయ్య