లేఅవుట్ అడిగినంతే ఇంటర్‌ఫేస్‌లో ఉంచు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త సైటు కోసం నువ్వు రాసిన వ్యూ మోడల్ ఇంటర్‌ఫేస్ ముసాయిదా, అంటే పేజీని తెరపై చూపే ‘వ్యూ’ అనే కోడ్‌కు ఏ సమాచారం అందాలో చెప్పే ఒప్పందం, చదివాను. బ్యానర్ చిత్రం, రచయిత పేరు, సంబంధిత వ్యాసాల జాబితా వంటి ప్రాపర్టీలన్నీ ఒకే ఇంటర్‌ఫేస్‌లో చేర్చావు. వాటిలో చాలావరకు ఒకటి రెండు రకాల పేజీలకు తప్ప మిగిలినవాటికి అక్కరలేదు. పేజీలో ఏమేం ఉన్నాయో చూసి ఇంటర్‌ఫేస్ రాయకూడదు, దాన్ని చదివే వ్యూకు ఏమేం కావాలో చూసి రాయాలి. అన్ని పేజీలకూ ఉమ్మడిగా ఉండే లేఅవుట్‌కు సాధారణంగా మూడు చాలు: ప్రస్తుత పేజీ ఒకటి, మెనూ, ఫుటర్‌ల సమాచారం రెండోది, ఆ పేజీ ఏ విభాగానికి చెందుతుందన్న వివరం మూడోది. ఒకప్పుడు ఎపిసర్వర్ పేరుతో ఉన్న, కంటెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ చేసే ఆప్టిమైజ్లీ వారి అల్లాయ్ నమూనా సైటులో ఐపేజ్‌వ్యూమోడల్ అనే ఇంటర్‌ఫేస్ ఈ మూడింటితోనే నడుస్తుంది.

అక్కడ గమనించవలసిన మరో సంగతి ఉంది. వ్యాసం పేజీ వ్యూకు వ్యాసపు క్లాసే కావాలి, లేఅవుట్‌కేమో అన్ని పేజీలకూ మూలమైన బేస్ క్లాస్ తప్ప మరేదీ తెలియదు. జెనరిక్ క్లాస్‌తో, అంటే వాడేటప్పుడు రకాన్ని నింపుకునే క్లాస్‌తో, ఈ రెండూ పొసగవు. వ్యాసానికి చేసిన వ్యూ మోడల్‌ను బేస్ పేజీ వ్యూ మోడల్‌గా పంపితే, మోడల్ రకం సరిపోలేదని సైటు నడుస్తుండగానే లోపం వస్తుంది. 2010లో వచ్చిన సీ షార్ప్ భాష 4.0 వెర్షన్ నుంచి ఇంటర్‌ఫేస్ టైప్ పారామీటర్‌కు, అంటే రకం నింపడానికి వదిలిన చోటుకు, ముందు ‘అవుట్’ (out) అని రాయవచ్చు, ఆ ఒక్క మాటతో చిక్కు తీరుతుంది. అయితే అలా రాసిన రకాన్ని బయటికి ఇవ్వడమే తప్ప లోపలికి తీసుకోవడం కుదరదు కనుక, ప్రస్తుత పేజీని ఇచ్చే కరెంట్‌పేజ్ ప్రాపర్టీకి గెట్ (చదవడం) మాత్రమే ఉండాలి, సెట్ (మార్చడం) పెడితే కంపైలర్ ఒప్పుకోదు. ఇది మనకు మేలే, ఎందుకంటే వ్యూ చేతికి వెళ్ళిన పేజీని ఎవరూ మార్చకూడదు.

పేజీని పూర్తిగా దాచి, ప్రతి విలువనూ స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాలుగా, మార్చి ఇవ్వాలన్న నీ ఆలోచన పుస్తకాల ప్రకారం శుభ్రమైనదే అయినా, ఎడిటర్లు పేజీలు రాసి దిద్దుకునే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో నేను ఒప్పుకోను. ఎడిటర్ పేజీ మీదే శీర్షికను క్లిక్ చేసి దిద్దాలంటే, తెరపై కనిపించే ముక్క ఏ ప్రాపర్టీ నుంచి వచ్చిందో సిస్టమ్‌కు తెలియాలి. ఆ బంధం తెంచితే డెవలపర్‌కు కోడ్ అందంగా కనిపిస్తుంది, ఎడిటర్‌కు పని ఆగిపోతుంది.

మెనూ వంటి ఉమ్మడి సమాచారాన్ని, పేజీ కోసం వచ్చిన అభ్యర్థనను అందుకుని వ్యూ మోడల్‌ను సిద్ధంచేసే ప్రతి కంట్రోలర్‌లోనూ నింపవద్దు. కంట్రోలర్ పని ముగిశాక, వ్యూ మొదలయ్యే ముందు నడిచే ఒక ఫిల్టర్ ఆ పని చేయాలి. కంట్రోలర్ ముందే ఏదైనా నింపి ఉంటే దాన్ని చెరపకూడదు.

జాబితాల విషయంలో, అంశాలను ఒక్కొక్కటిగా చదవనిచ్చే ఐఎన్యూమరబుల్ ఇచ్చి ఊరుకోకు. వ్యూలో ఒకసారి లెక్కపెట్టి, మరోసారి లూప్ తిప్పితే, వెనుక డేటా తెచ్చే క్వెరీ రెండుసార్లు నడిచే ప్రమాదం ఉంది. కంట్రోలర్‌లోనే జాబితాను పూర్తిచేసి, చదవడానికి మాత్రమే వీలిచ్చే ఐరీడ్‌ఓన్లీలిస్ట్‌గా అందించు. ఒకే క్లాస్ అమలు చేసి, ఒకే వ్యూ వాడే చోట ఇంటర్‌ఫేసే అనవసరం, క్లాస్ చాలు.

పేజీ దొరకలేదని చెప్పే తెర సంగతి నీ ముసాయిదాలో లేదు. దాని వెనుక కంటెంట్ పేజీ లేకపోవచ్చు కాబట్టి, లేఅవుట్ సమాచారాన్ని జెనరిక్ కాని చిన్న ఇంటర్‌ఫేస్‌గా విడదీసి, పేజీ ఉన్న ఇంటర్‌ఫేస్ దాని నుంచి వచ్చేలా చేయి.

ఇప్పుడు ఆ ముసాయిదాలోని ప్రాపర్టీలన్నీ తీసివేసి, వ్యూలు బిల్డ్‌లోనే కంపైల్ అయ్యేలా పెట్టి, లేఅవుట్ ఏది లేదని ఫిర్యాదు చేస్తే దాన్ని మాత్రమే తిరిగి చేరుస్తూ రా. మిగిలినవి ఆయా పేజీల క్లాసుల్లోకి పంపి, కొత్త ప్రతిని నాకు చూపించు.