ఆటలో కనబడని ఫొటోకూ కాపీరైట్ ఉంటుందా?

ప్రశ్న: ముగ్గురం కలిసి ఒక చిన్న వీడియో గేమ్ చేసి రిలీజ్ చేశాం. తయారీలో ఉండగా ప్లేస్‌హోల్డర్లుగా, అంటే అసలు బొమ్మలు వచ్చేదాకా తాత్కాలికంగా, నెట్‌లో దొరికిన ఫొటోలు పెట్టుకున్నాం. తర్వాత వాటి స్థానంలో మా ఆర్టిస్ట్ గీసిన బొమ్మలు వచ్చాయి. పాతవి మాత్రం ఫైళ్లలోనే ఉండిపోయాయి. ఒక ప్లేయర్ ఆ ఫైళ్లు విప్పి చూసి, ఒక ఫొటో మీద స్టాక్ ఫొటో కంపెనీ (ఫొటోలకు లైసెన్స్ అమ్మే కంపెనీ) వాటర్‌మార్క్, అంటే వాళ్ల గుర్తు, ఉందని మెయిల్ పెట్టాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఆటలో ఎక్కడా కనబడని ఫొటోకు కూడా కేసు పెడతారా?

జవాబు: పెట్టవచ్చు. మీరు ‘కనబడదు’ అన్న మాట దగ్గర ఆగిపోయారు. కాపీరైట్ చట్టం అడిగేది వేరే: నకలు తీశారా, దాన్ని పంచారా? మీ గేమ్ ఎన్ని డౌన్‌లోడ్లు అయిందో, ఆ వాటర్‌మార్క్ ఫొటో నకళ్లు అన్ని బయటికి వెళ్లినట్టే. ఫొటో తీసినవారు ఎక్కడా రిజిస్టర్ చేయించుకోకపోయినా హక్కు వారిదే. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో ఇదే సూత్రం.

‘మరిచిపోయాం’ అన్నది చాలా దేశాల్లో బాధ్యత నుంచి తప్పించదు, నష్టపరిహారం తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తుంది. తెరమీదికే రాని ఫొటోతో మీరు సంపాదించింది ఏమీ లేదని వాదించవచ్చు. నాకైతే అది గట్టి వాదనే అనిపిస్తుంది. కానీ మీలో ఎవరైనా ఇంకో ఫొటో మీది వాటర్‌మార్క్‌ను చెరిపేసి ఉంటే ఈ అమాయకత్వం నిలబడదు. హక్కుదారు గుర్తును తీసేయడం చాలాచోట్ల విడిగా మరో తప్పు.

‘ఫైళ్లు ఎవరు చూస్తారులే’ అనుకోకండి. 2021లో ఒక ఫొటోగ్రాఫర్ తన సీడీలోని ఫొటోలను ‘రెసిడెంట్ ఈవిల్ 4’ వంటి ఆటల్లో వాడారంటూ వాటిని తయారుచేసిన క్యాప్‌కామ్ కంపెనీ మీద దావా వేశారు. ఆ కంపెనీ నుంచి లీకైన డేటాలో ఒక ఫైలు పేరు, తన సీడీలోని ఫైలు పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనని చూపించారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. 2005లో ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ది వేరే గొడవ. వాడకుండా మూసేసిన శృంగార ఘట్టం డిస్క్‌లోనే మిగిలింది. ఎవరో దాన్ని తెరిచే మోడ్ (ఆటను మార్చే చిన్న ప్రోగ్రామ్) తయారుచేశారు. దాంతో అమెరికాలో ఆ ఆట రేటింగే పెద్దలకు మాత్రమే అని మారిపోయింది.

మీరు చేయాల్సింది: ఆ ఫొటోలు లేని కొత్త బిల్డ్ (గేమ్ కొత్త వెర్షన్) పెట్టండి. స్టోర్‌లో పాత వెర్షన్లు డౌన్‌లోడ్‌కు దొరుకుతుంటే వాటినీ ఆపించండి, చాలామంది మరిచేది ఇక్కడే. మీ దగ్గరున్న పాత కోడ్, మార్పుల రికార్డు మాత్రం ముట్టుకోకండి. రేపు నోటీసు వస్తే, సాక్ష్యం చెరిపారన్న మాట పడకూడదు. ఏ ఫొటో ఎక్కడినుంచి తెచ్చారో, దాని లైసెన్స్ ఏమిటో రాసి పెట్టుకోండి. ఆ ప్లేయర్‌కు ‘చెప్పినందుకు థ్యాంక్స్, చూస్తున్నాం’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. తప్పు ఒప్పుకుంటూ పేజీలు రాయొద్దు, వాదనకూ దిగొద్దు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ. మీ ఆర్టిస్ట్ గీసినా వాడకుండా వదిలేసిన బొమ్మలు కూడా ఆ ఫోల్డర్‌లో ఉంటే, ఆయనతో చేసుకున్న అగ్రిమెంటు తీసి చదవండి. హక్కులు ఇచ్చింది ‘ఆటలో వాడిన బొమ్మలకు’ అని మాత్రమే ఉంటే, ఆ మిగతావి ఇంకా ఆయనవే కావచ్చు.