నీళ్లకి ధరా లేదు, లెక్కా లేదు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరికి జవాబిస్తూ "జనం పెరిగితే వనరులు అయిపోతాయన్నది సగమే నిజం" అని ఒక ముక్క రాసి వదిలేశాను. ఆ మిగతా సగం చెప్పకుండా తప్పించుకున్నారని కొందరు, అయితే జనాభా పెరగడం మంచిదంటారా అని ఇంకొందరు రాశారు. ఒకాయనైతే నాకెంతమంది పిల్లలో చెప్పమన్నారు (ఒక్కతే కూతురండీ, చాలా?). ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: మేడమ్, ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లల చేత "చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం" అని రాయించినవాణ్ణి. ఇప్పుడు ముఖ్యమంత్రిగారే ఎక్కువమందిని కనమంటున్నారు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధన కూడా తీసేశారు. అయితే నేను చెప్పిన పాఠం తప్పా?
– ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి

మాస్టారూ, మీ పాఠం తప్పు కాదు, మరీ బాగా తలకెక్కింది, అంతే. 1992-93లో చేసిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఒక్కో స్త్రీకి సగటున 3.4 మంది పిల్లలు. 2019-21 సర్వేకి అది 2.0కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తల్లీతండ్రీ పోయాక వాళ్ల చోట ఇద్దరు మిగలాలంటే 2.1 ఉండాలంటారు, ఆంధ్రప్రదేశ్ ఆ గీత కిందికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మరి జనాభా ఇంకా పెరుగుతూనే ఉందేమిటి అంటారేమో. ఎనభైల్లో తొంభైల్లో పుట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు జంటకి ఇద్దర్ని కన్నా ఆ ఏడాది పోయిన ముసలివాళ్లకంటే పుట్టిన పిల్లలే ఎక్కువవుతారు. ప్రపంచం 2022 నవంబరులో 800 కోట్లు దాటింది, 2080ల మధ్యకి 1,030 కోట్ల దగ్గర ఆగి తర్వాత మెల్లగా తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024లో వేసిన అంచనా.

మీరు బోర్డు మీద రాయించింది నిజం చేసిందెవరో కూడా చెప్పుకోవాలి కదా. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లలో ఒక్క శాతం కూడా లేరు. 1976-77లో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఒక్క ఏడాదిలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు చేశారు, అందులో ఎక్కువ మగవాళ్లకే, చాలాచోట్ల బలవంతంగా. ఆ కోపం 1977 ఎన్నికల్లో బయటపడింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా పోలేదు, భారమంతా ఆడవాళ్ల మీద పడింది.

ఇప్పుడు ఎక్కువమందిని కనమనడం వెనక ముసలివాళ్లు పెరిగిపోయి పనిచేసే చేతులు తగ్గుతాయన్న దిగులుంది, అది నిజమైన దిగులే. జనాభా అదుపు చేసుకున్నందుకు లోక్‌సభ సీట్లు పోతాయేమోనన్న లెక్క కూడా ఉంది. 2024 నవంబరులో ఆ ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు, దాన్ని మాత్రం నేను సమర్థిస్తాను. పిల్లల లెక్క చూసి నామినేషన్ తిప్పి పంపడం ఏం పద్ధతి? కాకపోతే వద్దన్నప్పుడూ కనమన్నప్పుడూ కనాల్సినవాళ్లని ఎవరూ అడిగినట్టు లేదు.

ప్రశ్న: జనాభా పెరిగితే అన్నీ అయిపోతాయన్న ఒక పెద్ద సైంటిస్టు పందెం కట్టి ఓడిపోయాడని వీడియోలో చూశాను. అంటే ఈ "వనరుల కొరత" అంతా ఉత్త టెన్షన్ పెట్టడమేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

పందెం నిజమే. పాల్ ఎర్లిక్ అనే జీవశాస్త్రవేత్త 1968లో, రాబోయే పదేళ్లలో కోట్లమంది ఆకలితో చచ్చిపోతారని రాశాడు. ఆయన ఆ మాట రాయడానికి ముందు ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో ఎక్కువ దిగుబడినిచ్చే కొత్త రకం ఐఆర్8 వరి పండించి చూపించారు, అది ఆయనకి తెలిసినట్టు లేదు. జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త ఆయన్ని సవాలు చేశాడు: నీకిష్టమైనవి ఎంచుకో, పదేళ్ల తర్వాత వాటి ధర పెరిగితే నేనిస్తా, తగ్గితే నువ్వివ్వు. 1980లో ఎర్లిక్ రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్ ఎంచుకున్నాడు, ఒక్కోటి 200 డాలర్ల చొప్పున మొత్తం వెయ్యి డాలర్ల సరుకు. ఆ పదేళ్లలో ప్రపంచంలో 80 కోట్లకి పైగా జనం పెరిగారు, అయినా ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే అయిదింటి ధరా పడిపోయింది. 1990లో ఎర్లిక్ 576 డాలర్ల 7 సెంట్లకి చెక్కు పోస్టు చేశాడు. (వేరే పదేళ్లు ఎంచుకుని ఉంటే గెలిచేవాడని తర్వాత లెక్కలు కట్టినవాళ్లున్నారు. కానీ ఓడినవాడి లెక్కలు ఎవరికి కావాలి!)

నాకు అసలు ముఖ్యమనిపించేది సైమన్ ఎందుకు గెలిచాడన్నది. రాగి ధర పెరిగితే గని యజమాని ఇంకో గని తవ్వుతాడు, టెలిఫోన్ కంపెనీ గాజు తీగ వేస్తుంది, డబ్బాలు చేసేవాడు తగరం మానేసి అల్యూమినియం పట్టుకుంటాడు, పాత ఇనుప సామాన్లవాడు రాగి ముక్క కోసం మన వీధిలో రెండుసార్లు తిరుగుతాడు. ధర ఒక గంట లాంటిది, అది మోగితే అందరూ లేస్తారు. సరే, ఇప్పుడు మీ కాలనీ కిందున్న నీటి ధరెంతో చెప్పండి. ట్యాంకరువాడు తీసుకునేది డీజిలుకీ డ్రైవరుకీ, తన లాభానికీ. భూమిలోంచి తోడిన నీటికంటూ కట్టేది దాదాపు ఏమీ ఉండదు. గంటే లేదు, ఇంక మోగేదేమిటి? అందుకే సైమన్ పందెం రాగికి చెల్లింది గానీ బోరు నీళ్లకి చెల్లదు. పోయిన నెల నేను మింగేసిన రెండో సగం ఇదే. ధర ఉన్న వస్తువు దానంతటది సర్దుకోవడానికి దారులున్నాయి, ధరా లెక్కా లేని వస్తువు జనం పెరగకపోయినా అయిపోతుంది.

ప్రశ్న: అక్కా, నాకు నాలుగెకరాలుంది. నా బోరు 300 అడుగులు, పదేళ్లు బాగానే పోసింది. పక్క చేనాయన నిరుడు 700 అడుగులు ఏసిండు, నా బోరు ఆగింది. నేను 900 ఏయాల్నా, ఊకోవాల్నా? ఇంట్లో రోజూ ఇదే లొల్లి.
– ఒక రైతు, నల్గొండ జిల్లా

తమ్ముడూ, ఆగు. బోరు బండి పిలిచే ముందు ఇది చదువు.

మనది రాతి నేల. కోస్తాలో లాగా కింద ఇసకలో నీళ్లు నిండి ఉండవు, పైనున్న మెత్తటి రాతిలోనూ దాని కింద పగుళ్లలోనూ నిలుస్తాయి. లోతుకి పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. 900 అడుగులు పోతే నీళ్లు రావని కాదు, తగిలితే ఆ పగులులో ఎన్నేళ్లగానో నిలిచినవి కొన్ని వస్తాయి, రెండేళ్లు పోసి గాలి కొడుతుంది. తగలకపోతే దుమ్మే. కొబ్బరికాయ పట్టి పాయింటు చూపెట్టినాయన దుమ్ము లేచేసరికి ఊళ్లో ఉండడు. మా నాన్న ఒక్క ఎండాకాలంలో మూడు వేయించాడు, మూడూ దుమ్మే, ఆ అప్పు నా పెళ్లి దాకా తీరలేదు.

ఇంకో మాట. పక్కాయనా నువ్వూ తోడేది ఒకే కుండలోంచి. ఆయన పెద్ద గొట్టం పెట్టాడు కాబట్టి నీ గొట్టం అందడం లేదు. నువ్వు 900 వేస్తే ఆయన 1,100 వేస్తాడు. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఉమ్మడి పచ్చిక బయలు మీద ఇలాంటి కథే రాసి, అందరిదీ అయినది ఎవరో ఒకరు తోడేసేదాకా ఆగదు, ప్రభుత్వమో సొంతదారో ఉంటే తప్ప బతకదు అన్నాడు. మనకి ప్రభుత్వం 2002లోనే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చింది, కొత్త బోరుకి అనుమతి కావాలని ఉంది, మీ ఊళ్లో ఎవరైనా అడిగి వేశారా చెప్పు! పైగా కరెంటు ఉచితం. నేను దానికి వ్యతిరేకిని కాను, మెట్ట రైతుకి కాలవ రైతులా నీళ్లు రావు కాబట్టి ఆ మాత్రం ఇవ్వాల్సిందే. కానీ తోడిన ప్రతి గంటకీ ఖర్చు సున్నా అయినప్పుడు మోటారు ఆపడానికి ఎవరికీ కారణం ఉండదు, అది కూడా ఒప్పుకోవాలి. తెలంగాణలో 24 గంటల కరెంటు ఇవ్వబోతూ ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది ఇందుకే.

అయితే హార్డిన్ చెప్పని దారి ఒకటుంది. ఎలినార్ ఆస్ట్రామ్ అనే ఆమె దేశదేశాల ఊళ్ల అనుభవాలు పోగుచేసి, జనం తమలో తాము నియమం పెట్టుకుని వందల ఏళ్లు అడవుల్నీ కాలవల్నీ నిలబెట్టుకున్న ఊళ్లని లెక్కలతో చూపించింది, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే ఊళ్లో 1517 నుంచి ఒక నియమముంది: చలికాలం ఎన్ని ఆవుల్ని సొంతంగా మేపగలవో, ఎండాకాలం ఉమ్మడి కొండ మీదకి అన్నిటినే తోలాలి. నీకు స్విట్జర్లాండ్ ఎందుకులే, మీ తాతని అడుగు, చెరువు నీళ్లు పొలాలకి పంచడానికి నీరటి ఉండేవాడు. యాసంగికి ముందు చెరువులో నీళ్లు చూసి ఎన్నెకరాలకి వదలాలో తైబందీ చేసేవాళ్లు. నీళ్లు తక్కువున్న ఏడు అందరికీ కొంచెం కొంచెం తగ్గేది. చెరువు కంటికి కనిపిస్తుంది కాబట్టి అది సాగింది. బోరుకి తైబందీ లేదు, ఎందుకంటే కింద ఎంతుందో ఎవరికీ కనపడదు.

కనపడేలా చేసిన ప్రయత్నం ఒకటి మీ జిల్లాలోనే జరిగింది. 2003 తర్వాత కొన్నేళ్లు ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం లాంటి చోట్ల, రైతులే వానమాపకం పెట్టుకుని వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచారు. యాసంగికి ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకి కావాల్సినవెన్ని అని గోడ మీద రాశారు. ఏ పంట వేయాలో ఎవరూ హుకుం ఇవ్వలేదు. లెక్క చూసి చాలామంది వరి తగ్గించారు. కిలో వడ్లకి సగటున 2,500 లీటర్ల నీళ్లంటారు. ఎకరాకి 25 క్వింటాళ్లు తీస్తే 60 లక్షల లీటర్ల పైమాటే. అందులో కొంత మళ్లీ భూమిలోకి ఇంకుతుంది అనుకో, అయినా పెసలూ నువ్వులూ అంత తాగవు కదా. ప్రాజెక్టు అయిపోయాక చాలా ఊళ్లలో ఆ కొలతలు మూలపడ్డాయి, అది కూడా దాచను. 

కాబట్టి నా సలహా: 900 వేయకు. ఆ డబ్బులో సగంతో పక్కాయన బోరు నుంచి నీ చేనుకి పైపు వేసుకునే బేరం ఆడు. వానాకాలం పంటకి చివర్లో రెండు తడులు ఇవ్వాలి, యాసంగిలో ఇద్దరూ కలిపి ఎకరమే వరి, ఇద్దరిలో ఎవరూ కొత్త బోరు వేయకూడదు. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల రైతులు ఇలా బోర్లు కలుపుకున్నారు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. మాట్లాడటానికి పోయేది ఒక టీ ఖర్చే కదా. ఇంట్లో లొల్లి మాత్రం నేను తీర్చలేను.

ప్రశ్న: డ్రిప్ పెట్టాను, సబ్సిడీ వచ్చింది. నీళ్లు ఆదా చేసినట్టేనా?
– అనంతపురం నుంచి

డ్రిప్ పెట్టాక మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు చీనీ పెట్టారా, లేదా? పెడితే మీకు లాభమే, సంతోషం, భూమికి మాత్రం ఆదా ఏమీ లేదు. ఆవిరి ఇంజన్లు బొగ్గు తక్కువ తినేకొద్దీ ఇంగ్లండు మొత్తం బొగ్గు వాడకం పెరుగుతోందని విలియం జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే గమనించాడు.

ప్రశ్న: ఇండియాలో జనాభా తగ్గకుండా గ్లోబల్ వార్మింగ్ తగ్గదని మా మామగారి వాదన. నేనేం చెప్పాలి?
– డాలస్ నుంచి ఒక కోడలు

ఏడాదికి సగటు భారతీయుడి వంతు కార్బన్ డయాక్సైడ్ రెండు టన్నులు, సగటు అమెరికా మనిషిది 14 టన్నుల దాకా. మామగారు ఇక్కడి నుంచి అక్కడికి వచ్చి ఎన్నేళ్లయిందో లెక్కేసి, భోజనాలయ్యాక మెల్లగా చెప్పమ్మా, ముందు కాదు.

ప్రశ్న: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేస్తారు. 61 రోజులు మా ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? చేపలు తగ్గడానికి మేమే కారణమా?
– ఉప్పాడ దగ్గర నుంచి ఒక మత్స్యకారుడి భార్య

మీరే కారణం కాదమ్మా. గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపడం మంచిదే, ఆపకపోతే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చూపించింది. పెద్ద ట్రాలర్లు ఏళ్ల తరబడి కాడ్ చేపని ఊడ్చేశాక 1992 జూలైలో వేట మూసేశారు, రెండేళ్లే అన్నారు, ఆ నిషేధం అధికారికంగా ఎత్తేసింది 2024లో. తీరం మొత్తం మీద ముప్ఫై వేల మందికి పైగా పని పోయింది. అందులో ట్రాలర్ యజమానులకంటే చిన్న పడవలవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

నష్టం పంచడం దగ్గరే నాకూ పేచీ ఉంది. నిషేధ కాలానికి ఇచ్చే సాయం 10,000 నుంచి 20,000 చేశారు, మంచిదే, కానీ అది పడవ ఎక్కేవాళ్ల పేరు మీద వస్తుంది. మీలాగా చేపలు ఎండబెట్టి, గంప ఎత్తి అమ్మేవాళ్లకి ఆ రెండు నెలలూ పని ఉండదు, ఆ సాయంలో మీ పేరూ ఉండదు. వల కన్ను మరీ సన్నగా ఉన్నవాళ్లని పట్టుకోకుండా, తీరం దగ్గరికొచ్చే మరబోట్లని ఆపకుండా 61 రోజుల క్యాలెండరు మాత్రం పాటిస్తే మిగతా పది నెలల్లో పిల్ల చేప పోతూనే ఉంటుంది. ఈ రెండు మాటలూ మీ సంఘం మీటింగులో ఆడవాళ్లే లేవనెత్తాలి.

ప్రశ్న: ఆంటీ, నేను తొమ్మిదో తరగతి. సైన్స్ ప్రాజెక్టుకి ఖర్చు లేకుండా నీటి గురించి ఏదైనా చెప్పండి.
– మార్కాపురం నుంచి ఒక అమ్మాయి

మీ వీధిలో వాడని చేదబావి ఉంటే చాలు. బోరులో మాత్రం వద్దు, తాడు మోటారు గొట్టానికి చుట్టుకుంటే మీ నాన్న నన్ను తిడతారు. నైలాన్ తాడుకి అడుక్కొక ముడి వేసి, చివర ఒక ఇనప నట్టు కట్టు. పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని దించు, నట్టు నీళ్లకి తగిలిన చప్పుడు దగ్గర ఆపి, పైకి లాగి ముడులు లెక్కపెట్టు. ప్రతి ఆదివారం ఒకే టైముకి కొలువు, పొద్దున్నే అయితే మంచిది. పక్క గడిలో ఆ వారం వాన పడిందో లేదో, చుట్టుపక్కల చేలల్లో ఏం పంట ఉందో రాయి. జూన్‌కి ఆ కాగితం నాకు పంపు, ఇదే పేజీలో వేస్తాను.